ఒక్క మనిషి మిషన్

ఆళ్లగడ్డలో నాగలింగాచారి కొలిమిని కళ్లతో వెతకనక్కర్లేదు, చెవులతో వెతికితే చాలు. ముందు ‘టింగ్’మని సన్నగా ఒక దెబ్బ వినపడుతుంది. ఆ వెంటనే ‘ధన్’మని నేల అదిరేలా ఇంకో దెబ్బ. టింగుమనేది ఆచారి చేతిలోని చిన్న సుత్తి. దాగలి అనే ఇనుపదిమ్మె మీద పెట్టిన కాలిన ఇనుమును ఎక్కడ కొట్టాలో అది చూపిస్తుంది. ధన్నుమనేది ఆయన భార్య శాంతమ్మ చేతిలోని సమ్మెట. అది చూపించినచోట పడుతుంది. ఇరవై రెండేండ్లుగా అది చూపించడం, ఇది పడడం. ఒక్కనాడూ ఆ సమ్మెట అంగుళం పక్కకు పోలేదు. పోయుంటే పట్టకారు పట్టుకున్న ఆచారి ఎడమచేతికి ఇన్ని వేళ్లు మిగిలి ఉండేవి కావు.

ఆ పని ఇష్టమని శాంతమ్మ ఎవరితోనూ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు. కానీ పొద్దున్నే సంగటి కెలికి, చీర చెంగు నడుముకు బిగించి, సమ్మెట భుజానికెత్తుకుంటే ఆమె నడకే మారిపోయేది. చావడి కాడ కూర్చున్న పెద్దమనుషులు కూడా మడక కర్రు సాగగొట్టించుకోను వచ్చినప్పుడు ఆమెతో ఒక మెట్టు కిందికి దిగి మాట్లాడేవాళ్లు. అంత బరువు నెత్తిమీదుగా తిప్పుతున్న మనిషితో ఎవరైనా మర్యాదగానే మాట్లాడతారు మరి.

ఎనభైమూడులో చిక్కంతా ట్రాక్టర్లతో వచ్చింది. ఎద్దుల మడకలు తగ్గాయి. ట్రాక్టరు గొర్రుకు ఏదైనా విరిగితే కొలిమిలో కాల్చి అతికేది కాదు. దానికి కరెంటు వెల్డింగు కావాలి. అది నంద్యాలలో ఉంది. చాగలమర్రి దారిలో తోట ఉన్న లక్ష్మన్న ఒకరోజు విరిగిన ఇనుప ముక్కలు గోనెసంచిలో మోసుకుని కొలిమి ముందునుంచే పోతూ పలకరించాడు.

“ఏమన్నా ఆచారన్నా, బాగుండావా?”

“బాగుండా. ఏందప్పా అది, సంచిలో?”

“గొర్రు పట్టీలు. నంద్యాల పోతాండా, అతికిచ్చకరాను. కర్రులకైతే నీ కాడికే వస్తా, అనుకోవద్దు. ఇదిమాత్రం నీతో అయ్యేది కాదు కదప్పా.”

ఆ సంచి బస్సెక్కి పోయేదాకా ఆచారి అటే చూశాడు. ఆ నెలలో అది ఏడో సంచి. ఆ సాయంత్రమే కొలిమి ఆర్పుతూ అన్నాడు: “శాంతా, మనమే మిషన్ తెద్దాం. ఈడనే, ఇంటి ముందరే పెడదాం. నువ్వు సంతోషపడే మాట ఇంకొకటుంది. దానికి ఇద్దరక్కర్లేదంట. ఒక్క మనిషే అతికేస్తాడంట. నీ రెక్కల కష్టం తీరినట్టే. ఇంక నువ్వు ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు.”

ఆయన ప్రేమగానే అన్నాడు. శాంతమ్మకు మాత్రం దాగలి మీద పడాల్సిన సమ్మెట కాలి మీద పడినట్టయింది.

“కూర్చుంటానని నేను నిన్ను అడిగినానా?”

“ఏందే, మంచిమాట చెప్తే మొగం అట్ల పెడతావు?”

“నంద్యాలకు నేనూ వస్తా.”

“మిషన్ కొనేదానికి ఆడోళ్లెందుకే?”

“ఎందుకా? నా పని తినేదాని మొగం కొనకముందే చూసుకోవద్దా?”

ఆచారి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

*

నంద్యాల బజారులో జనార్దనంసెట్టి ఇనుప సామాన్ల అంగడి. ఆయన వీళ్లను చూడగానే లేచి, అంగడి వెనక గదిలోకి తీసుకుపోయి, గోనెపట్టా తొలగించి ఒక మిషన్ చూపించాడు. పచ్చరంగు వేసి, ఏనుగుపిల్ల మాదిరిగా ఉంది. ఆచారి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సంతలో కోడెను చూసినట్టు వీపు మీద చరిచాడు. చుట్టిన తీగలు చల్లబడను లోపల నూనె పోసి ఉంటుందని సెట్టి చెబితే, మూత తీసి వేలు ముంచి చూశాడు.

“మిల్లులకు పోయే సరుకు ఆచారీ. దీని ముందర నీ ఇనుమెంత, రైలు పట్టాలన్నా కరగల్ల,” అన్నాడు సెట్టి.

ఆచారి చేయి అప్పటికే మీసం మీదికి పోయింది.

“అన్నా, ఇది ఎన్ని తీగల కరెంటు తింటాది?” అంది శాంతమ్మ.

“మూడు ఫేజులమ్మా.”

“మా ఇంటికొచ్చేవి రెండు తీగలు. ఫ్యానేస్తేనే బల్బు కళ్లు మూసుకుంటాది. ఈ ఏనుగును తీసకపోయి దేనికి కట్టేయాల?”

సెట్టి పకపకా నవ్వి, “నాకు ఆచారితో పనిలేదు, అసలు బేరం ఈ యమ్మతో,” అనుకుంటూ పక్క షెడ్డులోని దాసరయ్యను కేకేశాడు. దాసరయ్య యాభై దాటిన వెల్డరు. చొక్కా నిండా నిప్పురవ్వలు పడి చిన్న చిన్న రంధ్రాలు, ముంజేతుల మీద పాత మచ్చలు. ఆళ్లగడ్డ సంచులన్నీ దిగేది ఆయన షెడ్డులోనే. ఆ సంగతి తెలిసి ఆచారి కొంచెం నసిగాడు. “అన్నా, నేను మిషన్ పెడితే నీ గిరాకీ తగ్గుతాది. నువ్వు నాకు చెప్పేదేంది...”

“పెట్టప్పా నాయనా, బేగా పెట్టు!” దాసరయ్య చేతులెత్తి దండం పెట్టాడు. “మీ ఊరోళ్లు బస్సు దిగేది పదకొండుకు, తిరిగి బస్సెక్కేది ఒంటిగంటకు. ఆ రెండు గంటల్లో అందరివీ అతికియ్యల్ల. నా ప్రాణం తీస్తాండారు. ముందు చెప్పు, నువ్వు ఏమేం అతుకుతావు?”

“గొర్రు పట్టీలు, గేట్లు, కిటికీ చువ్వలు.”

“అయితే ఈ చిన్నది చాలు.” గోడ వారగా ఉన్న రెండు బూడిదరంగు మిషన్లను చూపించాడు. “రెండు తీగలతోనే నడుస్తాది. అతుకుకు కరిగే రాడ్లల్లో సన్నవీ, నడిమివీ రెండూ కాలుస్తాది. అంతకు లావు పని వస్తే నా కాడికి పంపించు. పెద్ద మిషన్ కొని సన్న రేకు అతికితే, రేకుకు అతుకు పడదు, బొక్క పడతాది. ఇంకొకటి, ఇంట్లో బల్బుల తీగకు తగిలించొద్దు, ఆ తీగ కాలిపోతాది. స్తంభం కాడినుంచి లావుతీగ వేరేగా ఏయించుకో. దానికో స్విచ్చి, ఫ్యూజు ఉండల్ల.”

ఆ రెండిట్లో ఒకటి బరువు తక్కువ, ధరా తక్కువ. లోపల రెండిటికీ రాగితీగే చుట్టారని సెట్టి చెప్పాడు. ఆచారి నడుముకు దోపుకున్న ఆకురాయి తీసి, ఆ తేలిక మిషన్ తీగ కొసను రెండుసార్లు గీకాడు. తెల్లగా మెరిసింది. రెండోదాన్ని గీకాడు. ఎర్రగా మెరిసింది.

“సెట్టీ, ఆ తెల్లది రాగైతే నేను కుమ్మరిని.”

“నేను చుట్టినానా ఆచారీ? చుట్టినోడు చెప్పిందే నేను చెప్పినా!” అన్నాడు సెట్టి ఏమాత్రం తొణక్కుండా. “నీకు ఎర్రది కావల్లంటే ఎర్రదే తీసుకో. రెండూ నాకు బిడ్డలే కదా.”

ఎర్రదే తీసుకున్నారు. రెండేండ్లు కూడబెట్టిన దుడ్లు చేతులు మారాయి. ఆచారి మిషన్ను బస్సు పైకెక్కించే తాపత్రయంలో ఉండగా శాంతమ్మ దాసరయ్య ముందు నిలబడింది.

“అన్నా, దీనితో మనిషి యాడ చస్తాడో రొంత చెప్పు.”

దాసరయ్య బీడీ నోట్లోంచి తీశాడు. “ఇన్నేండ్లలో నన్ను ఈ మాట ఎవురూ అడగల్యామ్మా. అందరూ ఎంత సంపాయించొచ్చు అనే అడుగుతారు.” అక్కడే ఇనుపదిమ్మె మీద కూర్చుని చెప్పాడు. “తడి నేల మీద పని పెట్టుకోవద్దు. కాళ్లకు తోలు చెప్పులు, చేతులకు తోలు తొడుగులు, అవి రెండూ ఎండుగా ఉండల్ల. రాడ్డు వెలిగినప్పుడు దాని దిక్కు ఉత్త కళ్లతో చూడొద్దు, పక్కనున్నోళ్లు కూడా. ఇదో, ఈ నల్లద్దం తొడుక్కోవల్ల. నిప్పురవ్వ చొప్పవామి మీద పడకుండా చూసుకో. ఇంకా, నువ్విప్పుడు కట్టుకున్యావే ఈ నైలాన్ చీర, ఇది కట్టుకొని ఆ దగ్గరికి పోవద్దు. రవ్వ పడితే కరిగి ఒంటికి పట్టుకుంటాది. నూలుచీరే మేలు.”

“మా ఆయన ఒక్కడే చేస్తాడంట లే అన్నా. నాదేముంది,” అంది శాంతమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె చూపు దాసరయ్య చేతిలోని నల్లద్దం మీదే ఉంది.

*

కరెంటాఫీసుకు తిరిగి తిరిగి, వేరే తీగ, స్విచ్చి బిగించుకునేసరికి నెల పట్టింది. ఎర్తు కోసం పెరట్లో గుంత తవ్వి బొగ్గులు, ఉప్పు పోసి పూడ్చారు. బొగ్గులకు కొదవలేని ఇల్లది. జొన్నచొప్ప వామిని శాంతమ్మే దూరంగా జరిపింది. మొదలు పెట్టను శుక్రవారం మంచిదన్నారు.

ఆ శుక్రవారం పొద్దున్నే ఆమె మామూలుకంటే ఇంకో రెండు బిందెల పేడనీళ్లు ఎక్కువ కలిపింది. ఇంటికి కొత్తకోడలు వచ్చినట్టే కదా. వాకిలంతా దట్టంగా కళ్లాపి చల్లి, మిషన్ నాలుగు చక్రాల చుట్టూ ముగ్గేసింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఆచారి కొబ్బరికాయ కొట్టి, చెప్పులు అల్లంత దూరంలో విడిచి, దండం పెట్టుకుని వచ్చి హోల్డరు అందుకున్నాడు. నేల ఇంకా ఆరలేదు. చేయి చెమటతో తడిసింది. తొడుగులు గూట్లోనే ఉన్నాయి. హోల్డరుకు రాడ్డు గుచ్చబోతూ దాన్ని ఉత్తచేత్తో పట్టుకున్నాడు, అంతే.

“అబ్బో!” అని అరిచి, వెనక్కెగిరి ముగ్గు మధ్యలో చతికిలబడ్డాడు.

శాంతమ్మ ఒక్క ఉరుకున పోయి స్విచ్చి దించేసింది. ఆయన లేచి ముంజేయి విదిలించుకున్నాడు. బతికి బాగానే ఉన్నాడు, వెనకంతా పేడా ముగ్గూ అంటుకుంది, అంతే. అప్పుడు శాంతమ్మ కాళ్ల కింది నేల చూసింది. తడినేల మాట నంద్యాలలో అడిగి మరీ చెప్పించుకున్నది తనే. విన్నది చెవులు, కళ్లాపి చల్లింది చేతులు. ఇరవై రెండేండ్లు శుక్రవారం శుక్రవారం చల్లిన చేతులకు చెవుల మాట వినపడలేదు.

“చెప్పులేసుకో,” అంది గట్టిగా.

“పసుపుకుంకుమ పెట్టినాక చెప్పులేసుకుంటారా ఎవురన్నా? దేవుని ముందర...”

“పూజ అయిపాయె. దేవుడు పాయె. ఇప్పుడు ఆడుండేది ఉత్త కరెంటే. చెప్పులేసుకో!”

మధ్యాహ్నానికి నేల పొడిగా ఆరింది. కింద చెక్కపలక వేశారు. తొడుగులూ తొడుక్కున్నాడు. ఇక ఆచారి అద్దం మొగానికి అడ్డం పెట్టుకున్నాడు, వెంటనే తీసేశాడు. “ఏం కనపడదే! చీకటిబాయిలో దిగినట్టుంది.” రాడ్డు కొసను ఇనుము మీద గీరాడు, అతుక్కుపోయింది. పీకాడు. మళ్లీ గీరాడు. అద్దం పైకెత్తి, చూసి, దించాడు. కాసేపటికి దించడం మానేశాడు.

ఆయన బాధ ఆయనది. కమ్మరికి ఇనుము రంగే భాష. పండుమిరపకాయ రంగంటే ఒక వేడి, నారింజ రంగంటే ఇంకో వేడి, తెల్లబడిందంటే అతుక్కునే వేడి. చిన్నప్పటినుంచి ఆయన రంగు చూసి పని చేశాడే గాని రంగు దాచుకుని చెయ్యలేదు.

“అద్దం దించయ్యా!”

“ముప్పై ఏండ్లు నిప్పుల్లో పెట్టి చూసిన కళ్లే ఇవి. ఈ పిల్లనిప్పు వీటినేం చేస్తాది?”

ఆమె మొగం తిప్పుకుని మూడుసార్లు అరిచింది. మూడుసార్లూ ఆయన అదే మాట అన్నాడు. సాయంత్రమవుతుండగా లక్ష్మన్న గొర్రును ట్రాక్టరుకు తగిలించుకునే వచ్చాడు. గొర్రు కాలును పట్టి ఉంచే పట్టీ ఒకటి రెండు ముక్కలైంది.

“మిషన్ వచ్చిందంటనే ఆచారన్నా! చూడు, మొదటి గిరాకీ నేనే. పొద్దున వాన పడేటట్టుంది. ఆదివారం మధ్యాన్నానికి ఇచ్చినావంటే పదునులో కొర్రలు విత్తుకుంటా. ఇయ్యల్యాకపోతే ఇప్పుడే చెప్పు, నంద్యాల బస్సు యాడికీ పోల్యా.”

“ఇస్తా!” అన్నాడు ఆచారి. లక్ష్మన్న గొర్రును అక్కడే దించి పోయాడు.

పొద్దు గూకేసరికి ఆయన కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టయింది. నీళ్లు ధారగా కారాయి. రెప్ప ఎత్తలేడు. పక్కింటి చెన్నమ్మ వచ్చి ఆముదం పోయమంది, బాలింత పాలు పిండమంది, తాను పోయి పట్టుకొస్తానంది. “ఏం పోయొద్దు, నలపొద్దు,” అని శాంతమ్మ తడిగుడ్డ మాత్రం వేసి పెట్టి, తెల్లారగానే ఆయన్ను చేయి పట్టి ఆసుపత్రికి నడిపించుకుపోయింది. డాక్టరు చూసి, ఎండ దెబ్బ ఒంటికి తగిలినట్టు ఇది కంటిపొరకు తగిలిందన్నాడు. చుక్కల మందు రాసిచ్చి రెండు కళ్లకూ గుడ్డ కట్టాడు. “రెండ్రోజుల్లో తగ్గిపోతుంది. మళ్లీ ఇదే పని చేస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు, నీ దగ్గరికి నేనే కర్ర పట్టుకుని వస్తా,” అన్నాడు.

*

శనివారం. చిన్న తుంపర పడి వెలిసింది. కొలిమి పంచలో నులకమంచం మీద ఆచారి కళ్లకు గుడ్డతో పడుకున్నాడు.

“లక్ష్మన్నకు చెప్పి పంపించు శాంతా. గొర్రు నంద్యాల తీసుకపొమ్మను.”

 ఆ ఇనుము కూడా బస్సెక్కితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మిషన్ గోనెపట్టా కింద పడుకుంటుంది. ఆచారి నంద్యాలలో ఎవరి షెడ్డులోనో కూలికి నిలబడతాడు. సమ్మెట ఎలాగూ మూలకే. ఇక ఆ వీధికి ఏ చప్పుడూ ఉండదు.

“నేను అతుకుతా,” అంది.

“నీకేం తెలుసే?”

“నీకేం తెలుసని నిన్నంతా కాల్చినావు?”

 ఆమె నూలుచీర కట్టి, పైన ఆయన పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంది. కొంగు లోపలికి దోపింది. పంచలో పొడినేల చూసి పలక వేసింది, చెప్పులు, తొడుగులు వేసుకుంది. ఎండలో ఆరబెట్టిన రాడ్లు దగ్గర పెట్టుకుంది. పాతబండి చక్రపు పట్టా ముక్కలు రెండు ఒకదానికొకటి ఆనించి, చుట్టూ చూసి, చెన్నమ్మను ఇంట్లోకి పొమ్మని కేకేసి, నల్లద్దం దించుకుంది.

చీకటి. రాడ్డు గీరింది. అతుక్కుంది. విదిల్చింది. మళ్లీ గీరింది.

ఈసారి చీకటి మధ్యలో కందిగింజంత వెలుగు నిలబడింది. దాని కింద కరిగిన ఇనుము చిన్న మడుగులా కదులుతోంది. మిగిలిన లోకం లేదు. ఆచారికి ఊపిరాడకుండా చేసింది ఆ చీకటే. శాంతమ్మకు మాత్రం అది తెలిసిన చోటులాగే ఉంది. ఇరవై రెండేండ్లు ఆమె ఇనుము రంగు చూసిందెప్పుడు? రంగు ఆయన లెక్క. సమ్మెట ఎత్తాక ఆమె చూసింది ఒక్కటే, చిన్నసుత్తి ముట్టిన ఆ చోటు. చుట్టూ ఎవరున్నా, ఏం జరిగినా, ఆ గింజంత చోటు మీదనుంచి చూపు కదిలిందే లేదు.

చిటపటలు ఎక్కువయ్యాయి. మంచం మీదనుంచి ఆచారి గొంతు వినపడింది. “రాడ్డు ఎత్తు మీదుంది. ఉమ్మేస్తాంది. దగ్గరికి దించు.”

“నీకెట్ల తెలుసు?”

“కళ్లకు గుడ్డ కట్టినారు గాని చెవులకు కట్టినారా? దించు... ఇంకా... అదీ! పెనం మీద ఉల్లిగడ్డ వేగినట్టు వినపడల్ల. ఆ చప్పుడు తప్పనీయకుండా పో.”

ఆమె పోయింది. రాడ్డు అయిపోయాక అద్దం ఎత్తి, పైన పేరుకున్న చిట్టేన్ని సుత్తితో రాల్చి చూసింది. పిల్లలు గీసిన గీతలా వంకరటింకరగా ఉంది. ఆ ముక్కను దాగలి మీద పెట్టి సమ్మెట తీసుకుని ఒక్కటేసింది. పుటుక్కుమంది.

“విరిగిందా?” అన్నాడు.

“విరిగింది.”

“విరిగినచోట వేలు పెట్టి చూడు. గుల్లగా ఉందా?”

“ఉంది.”

“తొందరపడినావు. నిదానం.”

మిషన్ వేడెక్కితే ఆపింది. అది చల్లబడే లోపల చెంబెడు మజ్జిగ తాగింది. మధ్యాహ్నం లోపల తొమ్మిది ముక్కలు అతికింది, తొమ్మిదీ తన సమ్మెటతోనే విరగ్గొట్టింది. చెన్నమ్మ కిటికీలోంచి అడిగింది: “అతికేది నువ్వే, విరగ్గొట్టేది నువ్వే. ఇదేం పనే తల్లీ?” పదోది విరగలేదు. సమ్మెట ఎగిరి వచ్చింది. రెండోసారి కొట్టింది. ఇనుము వంగింది గాని అతుకు వదల్లేదు. మంచం మీద ఆచారి లేచి కూర్చున్నాడు. చప్పుడులోనే తేడా ఆయనకు అర్థమైంది.

“ఇంకో నాలుగు ఇట్లనే ఏసి చూపించు. అప్పుడు లక్ష్మన్న పట్టీ ముట్టుకుందువు,” అన్నాడు. చేయి చాపి, “ఆ పట్టీ నా చేతికియ్యి,” అన్నాడు.

కళ్లకు గుడ్డతోనే కూర్చుని, బొటనవేలితో తడుముకుంటూ, విరిగిన అంచుల మీద రంగూ తుప్పూ గీకేసి, రాడ్డు లోపలిదాకా దిగేట్టు ఆకురాయితో అంచుల్ని ఏటవాలుగా అరగదీశాడు. ఆమె చూసింది. చూపున్నవాడు కూడా అంత సమంగా తియ్యలేడు.

*

ఆదివారం పది గంటలకే లక్ష్మన్న వచ్చాడు. పంచలో చొక్కా తొడుక్కుని, మొగానికి నల్లద్దం పెట్టుకుని వంగి ఉన్న మనిషిని చూసి, “అయిందా ఆచారన్నా?” అన్నాడు.

అద్దం పైకి లేచింది. లోపల శాంతమ్మ.

లక్ష్మన్న రెండడుగులు వెనక్కి వేశాడు. “ఏందక్కా ఇది! ఆచారి యాడ?”

“ఈడనే ఉండా,” అన్నాడు మంచం మీదనుంచి ఆచారి.

లక్ష్మన్న ఆ కళ్లగుడ్డను, ఈ చొక్కాను మార్చి మార్చి చూశాడు. “లేదులేప్పా. నా గొర్రు నాకియ్యండి. నంద్యాల పోతా. ఆడమనిషి అతికిన పట్టీ చేన్లో ఊడిపోతే నా పదునంతా పాయె.”

“ఇన్నేండ్లు నీ కర్రులు సాగగొట్టింది ఎవురప్పా?” అంది శాంతమ్మ. “అప్పుడు ఆడమనిషి కొట్టిందని నీ చేను మొలకెత్తల్యాదా?”

“అది వేరేక్కా...”

“ఏం వేరే?” ఆమె సమ్మెట ఎత్తి ఆయన చేతిలో పెట్టింది. పట్టీ చల్లబడే ఉంది. దాన్ని దాగలి మీద బిగించింది. “కొట్టు. విరిగితే నంద్యాలకు బస్సు చార్జీ నేనిస్తా.”

వీధిలో పోయేవాళ్లు ఆగారు. లక్ష్మన్నకు తప్పలేదు. మొదటి దెబ్బ పట్టీని వదిలేసి దాగలి అంచుకు తగిలింది. “చోటు చూడప్పా, చోటు,” అంది శాంతమ్మ. రెండోది తగిలింది. సమ్మెట ఎగిరొచ్చి ఆయన భుజం జిల్లుమంది. మూడోది పళ్లు బిగించి కొట్టాడు. పట్టీ అలాగే ఉంది. లక్ష్మన్న సమ్మెట దించి, అరచేతులు చూసుకుని ఊదుకున్నాడు.

“ఇది రోజూ ఎట్ల ఎత్తుతావక్కా?”

“ముందు గొర్రు బిగించుకో. పదును పోతాది.”

ఆ ఏడు కొర్రలు మొలిచాయి. పట్టీ ఊడలేదు. ఆచారి కళ్లగుడ్డ విప్పిన రోజు మొదట చేసిన పని, ఆమె అతికిన ముక్కలన్నీ వరసగా పెట్టుకుని చూడడం. “ఈడ రొంత వంకర పోయింది,” అన్నాడు. ఇంకోదాని మీద “ఈడ చిట్టెం లోపల చిక్కింది,” అన్నాడు. మూడోదాన్ని ఎండలోకి పట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూసి, తీసుకపోయి గూట్లో పెట్టాడు. ఆయనా అద్దం పెట్టుకుని నేర్చుకోకపోలేదు. ఇప్పుడు అద్దం ఎత్తడు గాని, చీకట్లో చేయి తడబడుతుంది. నాలుగైదు రాడ్లు కాల్చి, “నువ్వు రా,” అంటాడు. కొయ్యడం, వంచడం, అంచులు అరగదీయడం ఆయన పని. అతుకు ఆమెది. కళ్లాపి ఇప్పుడు వాకిలి మెట్టుదాకానే. ఇంటిముందు గేట్లు, చువ్వలు చేరాయి. గోస్పాడు వైపునుంచి కూడా ఒకాయన బండి వేసుకుని వచ్చాడు.

ఒకరోజు లక్ష్మన్న ఒక పెద్ద బ్యారెల్ దొర్లించుకుంటూ వచ్చాడు. అడుగున కారుతోందట.

శాంతమ్మ బిరడా తీసి వాసన చూసింది. “డీజిలుదా?”

“ఔను. చుక్క లేకుండా ఒంపేసినాలే. ఖాళీదే.”

“ఖాళీ అయితే ఈ వాసనెక్కడిది? లోపల ఆవిరుంది. రవ్వ పడితే ఇది ఒక దిక్కు, నేనొక దిక్కు. అతకను.”

“ఒక్క చుక్క అతుకేయ్యక్కా. ఇంతే, గోరంత బొక్క.”

“గోరంత బొక్క కోసం ఊరంత చప్పుడెందుకప్పా? నాకు తెలీని పని నేను చేయను. తీసకపో.”

లక్ష్మన్న చుట్టూ చూసి, అంచులు అరగదీస్తున్న ఆచారి వైపు తిరిగాడు. “ఆచారన్నా, నువ్వన్నా చెప్పప్పా. ఇంటి యజమానివి కదా.”

ఆచారి ఆకురాయి ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. “నన్ను అడిగితే ఏం లాభమప్పా? వెల్డరు ఆడుంది. ఆ యమ్మ వద్దంటే వద్దే.”

లక్ష్మన్న గొణుక్కుంటూ బ్యారెల్ను తిప్పి వీధిలోకి దొర్లించాడు. శాంతమ్మ తొడుగులు తొడుక్కుని, పలక మీదికెక్కి, నల్లద్దం మొగం మీదికి దించుకుంది.

స్విచ్చి ఇంకా వెయ్యనే లేదు. ‘వెల్డరు’ అన్న మాటకు వచ్చిన నవ్వు దాచుకోను ఆ అద్దం చాలు.